మా అన్న మాట

వదినా,

ఉత్తరం ఇంటికి రాకుండా నీ బడికి వచ్చిందేమిటా అని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటావు. కంగారు పడకు. జ్వరం లేదు, దగ్గు లేదు, నువ్వు ఎప్పుడూ అనుమానించే ఆ మూడో సంగతి అసలే లేదు. ఫోనులో చెబుదామంటే అన్నయ్య స్పీకరు పెడతాడు. నేను హలో అన్న దగ్గర్నుంచి, మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళంతా స్టూళ్ళు లాక్కుని మరీ వింటారు. అందుకే రాస్తున్నాను. చదివి దాచెయ్యి. అన్నయ్యకు మాత్రం చెప్పకు.

నేను వచ్చేద్దామనుకుంటున్నాను. సెలవుకు కాదు, మొత్తానికే.

మొదటి నుంచీ చెప్తాను. పుస్తకాల బైండింగు కోర్సు అయిపోయిందనీ, నేర్పిన చోటే ఉద్యోగం దొరికిందనీ మీకు తెలుసు కదా. మా జిగురమ్మ షాపులోనే. ఆవిడ అసలు పేరు నాకు నోరు తిరగక, వేళ్ళకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది కనక నాలో నేను అలా పిలుచుకుంటాను. మాట కూడా జిగురులాంటిదే. తొందరగా బయటికి రాదు, వచ్చిందంటే వదలదు. నేను కుట్టిన మొదటి పుస్తకాన్ని వెన్ను పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, గట్టిగా దులిపి, ఒక్క కాగితం కూడా ఊడకపోయేసరికి "ఊఁ" అంది. ఆ "ఊఁ" కోసం ఎన్ని పుస్తకాలైనా కుట్టొచ్చు వదినా.

చదువుకోవడానికి ఇచ్చిన అనుమతి చదువుతోటే సరి. ఇక్కడ ఉద్యోగం చెయ్యాలంటే పని అనుమతి, నివాస అనుమతి రెండూ కావాలి. పని ఉందంటేనే ఉండనిస్తారు, ఉండనిస్తేనే పని చెయ్యనిస్తారు. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు ఉంటుంది. కావలసినవన్నీ పెట్టాను. చివర్లో, చెయ్యబోయే పని గురించీ, కుటుంబం గురించీ సొంత మాటల్లో ఒక పేజీ రాయమన్నారు. సొంత మాటలు అనగానే నాకు పూనకం వచ్చింది. ఈ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాక నేను ఎలా తయారయ్యానో నీకు తెలీదు. బస్సులో వెనకసీటు వాళ్ళ తగువులు కూడా చెవి ఒగ్గి వింటాను. కొత్త మాట వినబడితే దిగాల్సిన చోటు దాటిపోతుంది. జిగురమ్మ "ఒకసారి చూపించు, తప్పులుంటే చెబుతాను" అంటే కూడా, "అక్కర్లేదండీ, నాకు వచ్చు" అన్నాను.

ఏం రాశానంటే: "మా షాపులో పాత పుస్తకాలు విప్పి మళ్ళీ కుడతాం. మా మరలు పాతవి, అయినా గట్టివి. మా ఇల్లు షాపు పైనే. మా అన్నయ్య నన్ను చదివించాడు." చదివితే నాకే ముద్దొచ్చింది. ఇందులో తప్పేముంది చెప్పు?

ఉంది. వీళ్ళ భాషలో ఒక్కరిదైతే ఒక మాట, పదిమందిదైతే ఇంకో మాట. నేనొక్కదాన్నే అయినప్పుడు "నా" అనాలి. నేను తెలుగులో అనుకుని, ప్రతి "మా"కీ పదిమంది మాట పెట్టాను. దాంతో ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. ఉద్యోగినని చెప్పుకుంటున్న ఈమె షాపునూ మరలనూ ఇంటినీ ఉమ్మడి ఆస్తి అంటోంది. తోబుట్టువు ఒక్కరేనని ఒక చోట రాసి, ఇంకో చోట "మా అందరి అన్నయ్య" అంటోంది. ఆ మిగతా అందరూ ఎవరు? ఈమె ఉద్యోగా, దొంగచాటు భాగస్వామా? విచారణకు రావాలి. అది తేలేవరకు పనిలో కూర్చోకూడదు. మా భాషలో "మా" అని ఒక మాట ఉందనీ, దానివల్ల వచ్చిన పొరపాటనీ జవాబు రాసి పంపాను, వినలేదు.

దాని నకలు జిగురమ్మకు కూడా వెళ్ళింది. భాగస్వామిని దాచి ఉద్యోగి అని చూపిస్తే ఆవిడ షాపు లైసెన్సుకే ముప్పట. కాగితం చేత్తో పట్టుకుని మెట్లెక్కి నా గది గుమ్మంలో నిలబడింది.

"ఈ షాపు మీ అందరిదీ అని రాశావట."

"లేదండీ. అది మా భాషలో..."

"మీ భాషలో రాయలేదు. మా భాషలో రాశావు. చూపించమంటే అక్కర్లేదన్నావు."

ఆవిడ దిగి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఎదురుపడితే తలూపుతుంది, అంతే. నేను పైన కూర్చుంటాను. కింద కోత మర దిగిన చప్పుడు వినబడుతుంది. ఇప్పుడు అంచులు కోస్తోంది, ఇప్పుడు బరువు కింద పెట్టింది అని నేల మీంచే తెలుస్తుంది. చేతులు ఊరుకోవు. మొన్న దుప్పటి అంచు విప్పి, పుస్తకంలో మడత కాగితాలు కుట్టినట్టు మళ్ళీ కుట్టాను.

విచారణలో కాదన్నారంటే ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడితే చాలా ఏళ్ళు మళ్ళీ అడగడానికి ఉండదు. అదే నా అంతట నేను దరఖాస్తు వెనక్కి తీసుకుంటే మచ్చ ఉండదు. జిగురమ్మనూ వదిలేస్తారు. ఇది ఎవరికైనా తెలిసే లెక్కే. సర్దుకోవడం మొదలుపెట్టాను.

ఒక్కటే అడ్డం పడుతోంది. బయల్దేరిన రోజు అన్నయ్య పెట్టె ఎత్తి బండిలో పెడుతూ ఏమన్నాడో నీకు గుర్తుందా? "అట్టలేసుకోవడానికి విమానం ఎక్కాలా ఏంటే? చూద్దాంలే, ఎన్నాళ్ళుంటావో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ పోయాక నాకు జడ వేయడం కూడా నేర్చుకున్నవాడు, ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏం పోయేది? ఇప్పుడు ఆ పెట్టెతోనే అదే గుమ్మంలో దిగితే, ఏమీ అనకుండా నవ్వినా చాలు, నేను తట్టుకోలేను. అన్నయ్య చెవిన పడేలోగా నాకు ఎక్కడైనా పని చూడు. మీ బడి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు లేవా?

నీ ఆడపడుచు

*

మా ఆడపడుచుకు,

చూశావా, మొదటి మాటలోనే దొరికిపోయాను. మీ ఆఫీసరు చూశాడంటే నిన్ను ఎంతమందిమి పంచుకుంటున్నామో లెక్క రాయమంటాడు.

నీ ఉత్తరం మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుంటే చదివాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు ఏడ్చాను. తర్వాత ఒక సంగతి తట్టి పైకే నవ్వేశాను. రెండో తరగతి టీచరు "ఏంటండీ?" అంది. "ఏం లేదు, మా ఆయన గుర్తొచ్చారు" అన్నాను. అదిగో, అదే నాకు తట్టింది. పెళ్ళయినప్పట్నుంచీ నేను ఆయన్ను "మా ఆయన" అనే అంటున్నాను. ఒక్కనాడూ "నా ఆయన" అన్న పాపాన పోలేదు. మీ ఆఫీసరు లెక్క ప్రకారం మీ అన్నయ్యకు ఎంతమంది పెళ్ళాలున్నట్టు? ఆడపడుచు అర్ధమొగుడన్నారు కదా, ఆ సగం వాటా నీదేనని రాసుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆయన గురకలో కావాలంటే సగం తీసుకో.

వేళాకోళం అయింది. ఇప్పుడు విను. నీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఆ ఆఫీసు కాదు, నువ్వు. చూపించమంటే "నాకు వచ్చు" అన్నావే, అది. ఇప్పుడు విచారణకు వెళ్ళినా అదే చేస్తావు. వాళ్ళ భాషలో వాళ్ళను గెలుద్దామని చూస్తావు. నీకు మాటలంటే ఇష్టమే, కాదనను. కొత్తగా సైకిలు నేర్చుకున్నవాడు మలుపులోనే చేతులు వదిలేసి చూపిస్తాడు. నువ్వూ అంతే. వాళ్ళ మాట మన భాషలోకీ, మన మాట వాళ్ళ భాషలోకీ మార్చి చెప్పే మనవాళ్ళు ఎవరూ ఉండరా ఆ ఆఫీసులో? అడుగు. తెలుగులో మాట్లాడు. తప్పు తెలుగులో పుట్టింది కనక దాని జవాబు కూడా తెలుగులోనే ఉంటుంది.

దరఖాస్తు వెనక్కి తీసుకోకు. వాళ్ళు పొమ్మంటే రా, ఎవరూ కాదనరు. అడక్కముందే వచ్చెయ్యడం ఏంటి, చుట్టాలింట్లో విస్తరి వేస్తుంటే లేచిపోయినట్టు?

మీ అన్నయ్యకు చెప్పలేదు. అడిగావు కాబట్టి చెప్పను. కానీ నాకిది నచ్చలేదని మాత్రం రాసుకో. బడి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బోలెడున్నాయి. అవి ఎక్కడికీ పోవు. ముందు వెళ్ళి ఆ మనిషికి చెప్పిరా, మా ఇంట్లో "మా" అంటే ఏమిటో.

నీ వదిన

(ఈసారి "మా" అనలేదు. భయం పట్టుకుంది.)

*

మా వదినకు,

కావాలనే "మా" అంటున్నాను. ఇక నన్ను ఎవరూ ఏమీ అడగరు. వచ్చింది వదినా! అనుమతి వచ్చింది! పనికీ వచ్చింది, ఉండటానికీ వచ్చింది. అరచేయంత కార్డు. అందులో నా ఫొటో తుమ్మబోయి ఆగిపోయినదానిలా ఉంది. ఉన్నా సరే, ఎంత అందంగా ఉన్నానో! వచ్చినప్పట్నుంచీ తీసి చూడటం, లోపల పెట్టడం, పెట్టానో లేదో అని మళ్ళీ తీసి చూడటం.

నీ ఉత్తరం రాకపోతే నేను ఈపాటికి విమానంలో ఉండేదాన్ని. చదివి సిగ్గుపడ్డాను. ఆ పూటే ఆఫీసుకు వెళ్ళి, మా భాష తెలిసిన మనిషి కావాలని అడిగాను. "మీరు బాగానే మాట్లాడుతున్నారే" అంది కిటికీలో కూర్చున్నామె. "అందుకే ఇంతదాకా వచ్చిందండీ" అన్నాను.

విచారణ రోజున జిగురమ్మకూ నాకూ కలిపి పిలుపు. చిన్న గది, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు నీళ్ళ మరక. అధికారి నా ఈడువాడే. పెన్ను మూతలన్నీ నమిలినవే, ఒక్కటీ మామూలుగా లేదు. భాష మార్చి చెప్పేవాళ్ళు గదిలోకి రారట, ఫోనులోంచే చెప్తారట. బల్ల మీద పెట్టిన ఫోనులోంచి పెద్దావిడ గొంతు వినబడింది.

"ఏమ్మా, అన్నం తిన్నావా?"

వదినా, ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అధికారి పెన్ను ఆపాడు. "ఆమె ఏమంది? అది విచారణలో భాగమా?"

"తిన్నదా అని అడిగానండీ. తినకుండా వస్తే జవాబులు సరిగ్గా రావు" అంది ఫోనులో ఆవిడ. ఆయన అది కూడా రాసుకున్నాడు.

"షాపు ఎవరిదో అడగండి."

"అమ్మాయ్, ఆ షాపు ఎవరిదమ్మా?"

"మా మేడమ్‌దండీ."

ఆవిడ మార్చి చెప్పింది: "నా యజమానురాలిది" అని.

అధికారి వెంటనే పట్టుకున్నాడు. "ఆగండి. ఆమె 'మా' అంది. తాఖీదుకు ఆమె రాసిన జవాబులో ఆ మాట ఉంది. దానికి అర్థం 'మా అందరి' అని కదా?"

"అవునండీ" అంది ఫోనులో ఆవిడ.

"అయితే షాపు అందరి యజమానురాలిది?"

"కాదండీ. నా యజమానురాలిది."

ఆయన మూత కొరికాడు. "సరే. 'నా తల్లి' అని మీ భాషలో ఎలా అంటారు?"

"మా అమ్మ."

"'మా అందరి తల్లి' అని?"

"మా అమ్మ."

జిగురమ్మ కుర్చీ కిర్రుమంది.

"మీకు ఎంతమంది తోబుట్టువులు?" అని ఆయన ఫోనునే అడిగాడు.

"నేనొక్కదాన్నేనండీ."

"మరి మీ తల్లి ఇంకెవరికి తల్లి?"

అప్పుడు వచ్చింది వదినా ఆవిడకు కోపం! నాకు చెప్పాల్సిన పని కూడా మర్చిపోయి నేరుగా వాళ్ళ భాషలోనే అందుకుంది. "అయ్యా, ఇన్నేళ్ళుగా ఈ ఫోనులో మీకే పనిచేస్తున్నాను. ఇంట్లో ఎవరడిగినా 'మా ఆఫీసు' అనే చెప్తాను. మీ పెద్దాఫీసరు కుర్చీలో నాకేమైనా వాటా రాసిచ్చారా? ఇస్తే చెప్పండి, ఓ మూల కూర్చుంటాను."

అధికారి నవ్వలేదు గానీ మూత నోట్లోంచి జారిపోయింది. అదే అదనని నేను నీ ముక్క వేశాను. మా వదిన తన భర్తను మా ఆయన అంటుందండీ, ఎవరికీ వాటా ఇవ్వదు, గురకలో తప్ప, అన్నాను. ఆవిడ నవ్వాపుకుంటూ మార్చి చెప్పింది.

అంతవరకు బల్లనే చూస్తున్న జిగురమ్మ తలెత్తింది. "అయితే మీకు 'నా' అన్న మాటే లేదా?" అని నన్ను అడిగింది. ఆ తాఖీదు వచ్చాక ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

నేను తెలుగులోనే చెప్పాను. "ఉందండీ. నా చెయ్యి అంటాం. నా తలనొప్పి అంటాం. నా ఖర్మ అంటాం. ఒక్కళ్ళమే మొయ్యాల్సినవి ఉంటాయి కదా, వాటికి. ఇల్లు, ఊరు, అమ్మ, పని, ఇవన్నీ ఒక్కళ్ళవి అనుకోవడం మాకు చేతకాదు. అందుకని పక్కన ఎవరూ లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాం."

ఇదంతా ముందు అనుకున్నది కాదు వదినా. మన మాట గురించి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. వాళ్ళ మాటలు ఏరుకుంటూ తిరిగానే తప్ప, పుట్టినప్పట్నుంచీ నోట్లో ఉన్నదాన్ని ఒక్కసారి బయటికి తీసి చూడలేదు. ఫోనులో ఆవిడ ఒకసారి గొంతు సవరించుకుని, నెమ్మదిగా చెప్పింది.

జిగురమ్మ అధికారి వైపు తిరిగింది. "రాసుకో. షాపు నాది. మరలు నావి. ఆ పిల్ల నా దగ్గర పనిచేస్తుంది, నేను జీతమిస్తాను. తలనొప్పి మాత్రం ఈ తాఖీదు వచ్చినప్పట్నుంచీ నా ఒక్కదానిదే. అక్కడ పుస్తకాలు పేరుకుపోయాయి. ఏదో ఒకటి తేల్చు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి అంది, "నువ్వు పెట్టె సర్దుకున్నావు."

"మీకెలా తెలుసు?"

"పెట్టె లాగితే కింద నాకు వినబడదా?"

"మరి అడగలేదేమండీ?"

"అడిగితే ఉండిపొమ్మన్నట్టు అవుతుంది. ఉండమనడానికి ఆ ఆఫీసు ఉంది, మధ్యలో నేనెవర్ని?" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మళ్ళీ తనే, "అయినా కోపంగా కూడా ఉంది. నాకు చూపించి ఉంటే ఒక్క మాట దిద్దేదాన్ని" అంది. తప్పేనండీ అన్నాను. "ఊఁ" అంది. అది ఆ మంచి "ఊఁ"యే.

కార్డు వచ్చిన రోజున దాన్ని పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తి దిగాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, రెండు వైపులా చదివి, వెనక్కి ఇచ్చి, "చేతులు కడుక్కురా" అంది. అంతే! బల్ల మీద పిల్లల పాటల పుస్తకం ఒకటి విప్పి ఉంది. సాయంత్రం దాకా కుట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. అంత హాయిగా ఎప్పుడూ లేను.

ఇంకో సంగతి. ఈ కార్డు ఉంటే వెళ్ళి మళ్ళీ రావచ్చు. ఇన్నాళ్ళూ గుమ్మం దాటితే తిరిగి రానిస్తారో లేదో అని దాటలేదు. ఇక్కడ ఉండనిచ్చారు కాబట్టే మిమ్మల్ని చూడటానికి రాగలుగుతున్నాను. ఎండలు ముదరకముందే వస్తాను. అన్నయ్యకు ఇప్పుడు అంతా చెప్పెయ్యి. చెప్పి, ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాయి. దెప్పినా సరే, ఇప్పుడు నవ్వగలను.

నీ ఆడపడుచు, బైండరు

*

బైండరు గారికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. మొదటిది కూడా బడి బీరువాలోంచి తెచ్చి, అదీ చదివాను. వాకిట్లో మోటారు విప్పుకుంటూ విన్నారు. దెప్పలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. "తెలుసు" అన్నారు.

నేను చెప్పలేదు, ఒట్టు. ఎలా తెలుసని అడిగాను. "అది ఫోను చేస్తే జిగురూ దారమూ అని చెవులు చిల్లులు పడేట్టు చెప్పేది. కొన్నాళ్ళుగా ఎండా వానా గురించి చెప్తోంది. చేతిలో పని లేని మనిషే ఆకాశం చూస్తుంది" అన్నారు.

అప్పుడు నాకు ఒక్కొక్కటీ అర్థమైంది. ఆ మధ్య వీధి వైపు గదిలో పాత మోటార్లన్నీ తీసి బయట పడేశారు. ఎందుకండీ అంటే, ఎలకలన్నారు. కిటికీ పెద్దది చేయించారు. ఎందుకండీ అంటే, గాలన్నారు. తర్వాత వడ్రంగి వచ్చాడు. ఒక రోజు వంటింట్లో ఉన్నదాన్ని పిలిచి, గది మధ్యలో నిలబెట్టి, "కాస్త వంగు, అది నీకంటే పొట్టి" అన్నారు. నా నడుం దగ్గర గోడ మీద గీత గీశారు. "ఏంటండీ ఈ కొలతలు, నన్నేమైనా అమ్ముతున్నారా?" అన్నాను. ఇద్దరూ నవ్వారు తప్ప చెప్పలేదు. వారం తిరిగేసరికి అక్కడ ఓ బల్ల వెలిసింది. నిలబడి పనిచేసే బల్ల. దాని మీద కూరగాయలు తరుగుదామంటే నాకు నడుం నొప్పి. కూర్చుందామంటే గడ్డానికి తగులుతుంది. ఈ ఇంట్లో ఎవరికీ పనికిరాని బల్ల అది.

నువ్వు వచ్చేస్తావని చేయించారు. నువ్వు ఏ మాటకు భయపడ్డావో ఆ మాట అనడానికి కాదు, ఏమీ అడక్కుండా ఆ గది తలుపు తీసి చూపిద్దామని.

అనుమతి వచ్చిందని చదివాక కాసేపు స్పానరు తిప్పుతూ కూర్చున్నారు. "అయితే రాదన్నమాట" అన్నారు. సెలవుకు వస్తుందండీ అన్నాను. "మంచిదే. చాలా మంచిది. ఎన్నాళ్ళుంటుందో అన్నాను, ఉండి చూపించింది" అని లేచి, ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఆయన ముఖం అంతసేపు ఎప్పుడూ కడుక్కోలేదు.

నిన్న వడ్రంగి అటుగా వెళ్తూ ఆగాడు. "అమ్మాయిగారు రావట్లేదట కదా. కాళ్ళు ఓ జానెడు కోసిస్తాను, భోజనాల బల్ల చేసుకోండి" అన్నాడు, రంపం కూడా తెచ్చుకుని. నాకూ అదే బాగుందనిపించింది. మీ అన్నయ్య లోపలికి వెళ్ళి బల్ల మీద దుమ్ము చేత్తో తుడిచారు.

"కాళ్ళు ముట్టుకోకు" అన్నారు.

నీ వదిన